అక్కకు వేడి చేసిన ఎండాకాలం

మొన్న మనవడి వీపు నిండా చెమటకాయలు లేస్తే కోడలు వాడి చొక్కా ఎత్తి చూపించి, "అత్తమ్మా, వీనికి వేడి చేసింది" అన్నది. వంటింట్లోకి పోయి మజ్జిగ చిలికి, చక్కెర వేసి, వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని గ్లాసు పట్టి తాగించింది. బెండకాయలు తరుగుతున్న నేను కత్తి ఆపి చూస్తూ ఉండిపోయాను. ఈ వయసులో, నాలుగేళ్ల పిల్లవాడి మీద, అదీ సొంత మనవడి మీద, నాకు కడుపులో సుర్రుమన్నది. కుళ్లు. ఇంకో పేరు పెట్టి దాన్ని మర్యాద చేయను. వేడి చేసింది అన్న మాట వింటే చాలు, నేను మళ్లీ రెండో తరగతి పిల్లనైపోతాను.

మాది మహారాష్ట్రలో, తెలంగాణ అంచున, దెగ్లూర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సర్కారు ఎస్టీ బస్సు ఎక్కితే ఉర్దూ కలిసిన హిందీ. పలకను పాటీ అనేవాళ్లం, బడిసంచిని దప్తర్ అనేవాళ్లం, పంతులును గురూజీ అనేవాళ్లం, అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. ఏ మాట ఏ భాషదో ఎవరం అడగలేదు. నోటికి వచ్చిన మాట మాదే. లోకంలో అందరూ ఒకటే భాష మాట్లాడతారనీ, కొందరు మాత్రం కాస్త వంకరగా మాట్లాడతారనీ అనుకునేదాన్ని. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను. తర్వాత జరిగిన గలాటాకు మూలం ఇదే.

అక్క నాకంటే పదేళ్లు పెద్దది. మా ఇద్దరి నడుమ పుట్టినవాళ్లు దక్కలేదు. ఆమె రోజూ ఎస్టీలో దెగ్లూర్ పోయి పదో తరగతి దాకా చదివింది; మా గల్లీలో అంత చదివిన ఆడపిల్ల ఇంకొకతె లేదు. నా జడలు ఆమే వేసేది. పాఠాలు ఆమే చెప్పేది. జొన్నకంకులు పాల మీద ఉన్నప్పుడు చేనులో మంట పెట్టి కాల్చి, అరచేతుల్లో నలిచి, పొట్టు ఊది, వేడివేడి గింజలు నా నోట్లో ఆమే పోసేది. ఆ పొగ వాసన రెండు రోజులు ఆమె ఓణీకి ఉండేది. అవ్వకు పొలం పని, ఇంటి పని, పశువుల పని. ఆమె నన్ను చూసిందా లేదా అని నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. నాకు అక్క ఉంది కదా.

ఒక చలికాలం చివర్లో అక్క మారిపోయింది. బావిలో బొక్కెన వేసి సగం లాగి ఆగిపోయేది. ఎవరో పిలిచినట్టు అటు తిరిగేది. తనలో తాను నవ్వేది. గోడ అవతలివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారనేది. గోడ అవతల మా బర్రెలు తప్ప ఎవరూ లేరు. స్నానం మానేసింది. పిండిలో ఏదో కలిపిర్రని తిండి కూడా మానేసింది. నా జడ వేస్తూ వేస్తూ దువ్వెన కింద పెట్టి లేచి వెళ్లిపోయేది. ఒక పక్క జడ, ఒక పక్క విరబోసిన జుట్టుతో నేను బడికి పోయిన రోజులున్నాయి.

బాపు ఆమెను దెగ్లూర్‌లో ఒక డాక్టరుకు చూపించి తీసుకొచ్చాడు. వాళ్లు వచ్చేసరికి అవ్వ గడపలోనే నిలబడి ఉంది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను.

"ఏమన్నడు?" అని అడిగింది అవ్వ.

బాపు చెంబు తీసుకుని కాళ్లు కడుక్కున్నాడు. కడిగిన కాళ్లే మళ్లీ కడుక్కున్నాడు. "వేడి అన్నడు" అన్నాడు.

"వేడేనా? ఇంకేం అనలేదా?"

"ఇంకేం అనలే."

అవ్వ కాసేపు బాపును చూసింది. తర్వాత కొంగు నా చేతిలోంచి లాక్కుని, నడుముకు చెక్కి, లోపలికి పోయింది. ఆ కొంగు మళ్లీ నా చేతికి వచ్చేసరికి వానలు పడ్డాయి.

అవ్వకు పని దొరికింది. తెల్లారేసరికి మజ్జిగ చిలికేది, మా మాటలో సల్ల. మాకందరికీ పోసేది పలచటి సల్ల. అక్కకు మాత్రం వెన్న తేలుతున్నది, చిటికెడు ఉప్పు, కొత్తిమీర. మధ్యాహ్నం సబ్జా గింజలు నానబెట్టిన శర్బత్. సబ్జా నాని గాజు గ్లాసులో కప్ప గుడ్ల లాగా తేలుతుంటే నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. సాయంత్రం పచ్చి మామిడికాయ ఉడికించి, బెల్లం, యాలకులు వేసి పన్హ. పడుకునే ముందు గుల్కంద్. దెగ్లూర్ బజారు నుంచి బాపు గులాబీ రేకులు చక్కెరలో మాగేసిన గుల్కంద్ చిన్న జాడీలో తెచ్చాడు. మా ఇంట్లో అంతకుముందు గుల్కంద్ అనే వస్తువు లేదు. అదీగాక, అక్క మాడుకు ఆముదం పెట్టి, ఆ జిడ్డులో అవ్వ వేళ్లు దూర్చి, గంటసేపు మెల్లగా రాసేది. ఆముదం వాసన ఎవరికి ఇష్టం? నాకు ఆ ఎండాకాలంలో ప్రాణం.

ఎండలు చెప్పాలంటే, కాకులు నోరు తెరుచుకుని నీడలో కూర్చునే ఎండలు. ఊరు ఊరంతటికీ వేడి చేసి ఉంది. మా బర్రెకు కూడా చేసే ఉంటుంది. ఆ భాగ్యం మాత్రం అక్క ఒక్కతికే.

అవ్వ రుచి చూస్తేగాని అక్క ముద్ద ముట్టదు. అందుకని అవ్వ పళ్లెం పట్టుకుని ఎదురుగా కూర్చునేది. రొట్టె తుంచి, పప్పులో ముంచి, సగం తాను తిని, "సూడు బిడ్డా, నాకేం గాలే" అని మిగతా సగం అక్క నోటికి అందించేది. ఒక ముద్ద అవ్వది, ఒక ముద్ద అక్కది. నేను గోడ పక్కన నా పళ్లెం ముందు పెట్టుకుని ఆ ఇద్దరినీ చూసేదాన్ని. ఒకరోజు నేనూ అన్నాను, నా రొట్టెలో కూడా ఏదో కలిపిర్రని. అవ్వ తల తిప్పకుండానే, "తినకుంటె బర్రెకు పెట్టు" అన్నది.

పడక కూడా పోయింది. అప్పటిదాకా అక్క పక్కన నేను పడుకునేదాన్ని. ఇప్పుడు ఆమె పక్కన అవ్వ పడుకుంది, అక్క లేచి పోకుండా తన కొంగు ఆమె ఓణీకి ముడివేసుకుని. నన్ను వాకిలి అవతల ఇంట్లో బాపు తమ్ముని భార్య, మా చిన్నమ్మ దగ్గరికి పంపారు. అంటే నాకు అక్కా పోయింది, అవ్వా పోయింది. ఆ ఇద్దరూ మాత్రం ఒకరికొకరు దొరికారు. నా లెక్క అట్లా ఉండేది.

చిన్నమ్మకు వేడి మీద నమ్మకం లేదు. "ఎవలో చేసిర్రక్కా. మా తల్లిగారి ఊర్ల ఒకాయన తాయత్తు కడ్తడు. జెర సూపిస్తె ఏం పోతది?" అనేది.

"చేసుడు లేదు, పెట్టుడు లేదు" అనేది అవ్వ. "పిల్లకు వేడి. సల్ల జేస్తె పోతది." అంత గట్టిగా ఆమె ఏ దేవుడి గురించీ చెప్పగా నేను వినలేదు.

బడిలో అమ్మాయిలు నన్ను చుట్టుముట్టేవాళ్లు. "తుఝీ తాయీ వేడీ ఆహే" అనేవాళ్లు. మీ అక్క వేడీ అని. మా ఇంటి సంగతి వీళ్లకెట్లా తెలిసిందని నాకు ఆశ్చర్యం, పైగా గర్వం. "ఔ, వేడే. ఊకె వేడి గాదు, శాన వేడి" అని తెలుగూ మరాఠీ కలిపి చెప్పేదాన్ని. గుల్కంద్ గురించి చెప్పేదాన్ని. వాళ్లు నోరు మూసుకుని కిసకిసా నవ్వేవాళ్లు. గుల్కంద్ లేనివాళ్లు నవ్వక ఏం చేస్తారు, కుళ్లుతో నవ్వుతున్నారు అనుకునేదాన్ని. నాకు తెలిసిన రోగం అదొక్కటే మరి.

చివరికి నాకూ వేడి తెచ్చుకుందామనుకున్నాను. సంకలో ఉల్లిగడ్డ పెట్టుకుంటే ఒళ్లు కాలుతుందని బడిలో అందరికీ తెలిసిన విద్య. రెండు సంకల్లో రెండు ఉల్లిగడ్డలు పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం గడ్డివాము దగ్గర ఎండలో కూర్చున్నాను. కళ్లు బైర్లు కమ్మాక లోపలికి పోయి అవ్వ ముందు నిలబడి, "అవ్వా, నాకు వేడి చేసింది" అన్నాను. ఆమె అక్క మాడుకు ఆముదం రాస్తూ ఉంది. జిడ్డు చెయ్యి తీయకుండా మోచేత్తో నా నుదురు తాకింది. "ఎండల తిరిగినవు. కుండల నీళ్లున్నయ్, తాగు" అన్నది. అప్పుడే ఒక ఉల్లిగడ్డ జారి కింద పడి దొర్లింది. అక్క దాన్ని చూసి నవ్వింది. ఎన్ని రోజులకో, మా నవ్వు, మామూలు నవ్వు. అవ్వ ఆ నవ్వుకు మురిసి అక్కను దగ్గరికి తీసుకుంది. నేను తెచ్చిన నవ్వుకు కూడా ముద్దు అక్కకే దక్కింది.

ఆ రాత్రే చిన్నమ్మ నిద్రపోయాక పోయి గుల్కంద్ జాడీలో వేలు పెట్టాను. తీపి కంటే పగ ఎక్కువ ఉంది అందులో. మూత సరిగ్గా పెట్టలేదు, పొద్దున్నకు చీమలు పట్టాయి. అవ్వ తిట్టలేదు. చీమలు ఊది పారేసి, మిగిలింది అక్కకే పెట్టింది. తిట్టు కూడా దొరకలేదు నాకు.

సల్లతో తగ్గకపోయేసరికి మాహూర్ మొక్కు మొక్కారు. మావాళ్లకు మాహూర్ రేణుక అంటే ఎల్లమ్మ తల్లి. అవ్వ, బాపు, అక్క పోయారు. నేను చిన్నమ్మ దగ్గర. వాళ్లు తిరిగి వచ్చేసరికి అక్క చేతుల నిండా పచ్చ గాజులు, నుదుట పెద్ద కుంకుమ. అక్కడ తమలపాకు, వక్క కలిపి దంచి అమ్మవారికి పెట్టిన తాంబూలం ప్రసాదంగా ఇస్తారు. అది తిని అక్క పెదవులు ఎర్రగా ఉన్నాయి. నాకు ఆకులో చుట్టి తెచ్చింది ఎండిపోయి నల్లబడింది. నోట్లో పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. నా పెదవులు పండలేదు.

మాహూర్‌లో అవ్వకు ఒకామె కలిసింది. కిన్వట్ అవతల అడవి పల్లె నుంచి వచ్చిన పెద్దమనిషి. ఆమె కొడుకుదీ అక్క లాంటి బాధే. నాందేడ్‌లో ఒక డాక్టరు ఉన్నాడనీ, ఆయన సూది మందుతో కొడుకు మళ్లీ గొడ్డలి పట్టి అడవి పనికి పోతున్నాడనీ ఆమె చెప్పింది. అవ్వ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ కిన్వట్ ఆమె మాటే. "కిన్వట్ అక్క గిట్లన్నది, కిన్వట్ అక్క గట్లన్నది." ఒక్క మధ్యాహ్నం పరిచయానికి అవ్వ ఆమెకు అన్నీ చెప్పుకుందట. నాకు ఆ కనపడని మనిషి మీద కూడా మండింది.

నాందేడ్ డాక్టరు అక్కను చూసి, మాత్రలు ఇచ్చి, బాపుతో ఒక మాట చెప్పి పంపాడు. వచ్చేసారి మీ ఇంటి పొయ్యి మీద వండింది తినేవాళ్లందరూ రావాలన్నాడు. బాపు చాలా పరేషాన్ అయ్యాడు. పత్తి విత్తనాలు పెట్టే కాలం. అయినా పోయాం. నాకు కొత్త గౌను లేదు గాని, అక్క గౌను పాతది కుదించి కుట్టారు. ఎస్టీ బస్సులో డీజిల్ వాసన, ఎర్రటి దుమ్ము, ముందు సీట్లో అవ్వ భుజం మీద అక్క తల. వెనక సీట్లో బాపు భుజం ఖాళీగానే ఉంది. నేను దాని మీద పడుకోలేదు. నాకు కావాల్సింది ముందు సీటు భుజం.

దవాఖాన వెనక పొడుగాటి వరండా, వేపచెట్టు నీడ. అక్కడ చాపలు పరిచి ఉన్నాయి. అట్లాంటి ఇళ్లవాళ్లు ఇంకా కొందరు రొట్టె మూటలతో కూర్చుని ఉన్నారు. కిన్వట్ ఆమె మమ్మల్ని చూస్తూనే జరిగి చోటు ఇచ్చింది. సన్నటి నల్లటి మనిషి, నోట్లో పొగాకు. అవ్వ ఆమె పక్కన కూర్చోగానే భుజాలు దించింది. మోస్తున్న గంప దించినప్పుడు ఎట్లా దించుతారో అట్లా. ఇద్దరూ ఒకరి రొట్టె ఒకరు మార్చుకున్నారు. "నీ బిడ్డ పండుకుంటదా?" "జెర పండుకుంటది. నీ కొడుకు?" అంతే, వాళ్ల మాటలన్నీ అవే. ఆ మాటలకే అవ్వ నవ్వింది కూడా.

డాక్టరు నడివయసు మనిషి. కుర్చీ వద్దని చాప మీదే కూర్చున్నాడు. ఆయన మరాఠీలో అడిగేవాడు, బాపు అవ్వకు తెలుగులో చెప్పేవాడు. అక్క ఏం తింటుంది, ఎంతసేపు నిద్రపోతుంది అని అడిగాక, ఇటు తిరిగి అవ్వను అడిగాడు, "మరి నువ్వెప్పుడు తింటవు? నువ్వెప్పుడు పండుకుంటవు?" బాపు ఆ మాట తెలుగులో చెప్పాడు. అవ్వకు అర్థం కానట్టు చూసింది. బాపు మళ్లీ చెప్పాడు. "నా సంగతెందుకు?" అన్నది. అన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వేపచెట్టు వైపు తిరిగి కూర్చుంది. కిన్వట్ ఆమె అవ్వ వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

అప్పుడు డాక్టరు నా వైపు వంగాడు. "తులా కాయ్ హవం, బాళ?" నీకేం కావాలమ్మా అని. జన్మలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. నేను ఆలోచించలేదు. బడి మరాఠీలో, గట్టిగా, చేతులు కట్టుకుని చెప్పాను.

"మలా పణ్ వేడీ వ్హాయచంయ్." నాక్కూడా వేడి కావాలి అని నా భావం.

పక్క చాప మీది ముసలాయన రొట్టె నమలడం ఆపాడు. అవ్వ ఇటు తిరిగి, "ఏమన్నది పిల్ల?" అని బాపును అడిగింది. బాపు చెప్పలేదు. మొదటిసారి ఆయన మాట మార్చి చెప్పే పని ఆపేశాడు.

డాక్టరు నవ్వలేదు. ఎందుకు కావాలని అడిగాడు. ఎందుకేమిటి! గుల్కంద్ చెప్పాను. సబ్జా చెప్పాను. ఆముదం చెప్పాను. అవ్వ సగం ముద్ద తిని సగం ముద్ద పెడుతుందని చెప్పాను, కొంగు ముడి చెప్పాను. చెప్తూ చెప్తూ ఏడుపు వచ్చింది. ఆయన బాపును అడిగాడు, మీ భాషలో ఆ మాటకు అర్థమేమిటని.

"ఉష్ణతా" అన్నాడు బాపు, తల వంచుకుని. ఒంట్లో వేడి.

డాక్టరుకు అర్థమయింది. నాకు ఇంకా కాలేదు. మరాఠీలో వేడీ అంటే పిచ్చిది. దెగ్లూర్ డాక్టరు అన్నది ఆ మాట. బాపు గడప దగ్గర కాళ్లు కడుక్కుంటూ అబద్ధం చెప్పలేదు. విన్న మాట విన్నట్టే చెప్పి, అవ్వ తెలుగులో వినేలాగా వదిలేశాడు.

"ఆమెకు ఎర్కలేదు సాబ్. నేనే గట్ల చెప్పిన" అన్నాడు బాపు, తెలుగులోనే, డాక్టరుతో.

"ఎవలికి ఎర్కలేదు?" అన్నది అవ్వ. గొంతు పెద్దది చేయలేదు. "ఈ ఊరికి కోడలై అచ్చి ఇన్నేండ్లాయె. బావికాడ, బజార్ల, బస్సుల ఆ మాట ఇనలేదనుకున్నవా? నువ్వు కాళ్లు కడిగిందే కడుగుతాంటే నాకు తెల్వలేదా? నువ్వు వేడి అన్నవ్. సరె, వేడే అనుకున్న. వేడికైతె సల్ల ఉన్నది, సబ్జా ఉన్నది. ఆ ఇంకో మాటకు నేనేం వండి పెట్టాలె? చెప్పు, ఏం వండాలె?"

డాక్టరు బాపు వైపు చూశాడు, ఏమన్నదని. ఇప్పుడు బాపు చెప్పక తప్పలేదు. తన భార్య తనను అన్న మాటలను తన నోటితోనే మరాఠీలోకి మార్చి చెప్పాడు. "ఏం వండాలె" దగ్గర ఆయన భుజం మీది తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. కిన్వట్ ఆమె అందుకుని తన మరాఠీలో పూర్తి చేసింది. ఆమె కూడా ఆ మాట ఎక్కడో అడిగే ఉంటుంది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్న అక్క కళ్లు తెరవకుండా అన్నది, "నాకు గూడ ఎర్కనే. గని సల్ల మంచిగుంటది."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. అవ్వ ఏడుస్తూనే నవ్వింది. డాక్టరు, సల్ల మానొద్దు, మాత్ర మాత్రం రోజూ తప్పొద్దు అన్నాడు. ఇది ఎవరో చేసింది కాదు, తల్లి పెంపకం వల్ల వచ్చింది కాదు, ఒంట్లో వచ్చే జబ్బుల్లాంటిదే అని చాలాసేపు చెప్పాడు. పిల్ల ఏవో గొంతులు వినబడుతున్నాయంటే లేవని కొట్లాడొద్దు, ఉన్నాయని తల ఊపొద్దు; భయమైతుందా బిడ్డా అని అడగండి అన్నాడు. రోజూ మాత్ర ఇచ్చే పని బాపుది అన్నాడు. రాత్రి పక్కన పడుకునే పని రోజు విడిచి రోజు చిన్నమ్మది. చివరగా, దెగ్లూర్ సంత రోజు అవ్వ ఇంట్లో ఉండకూడదు, ఈ చిన్నదాన్ని తీసుకుని బజారుకు పోవాలి. అది కూడా మందే అన్నాడు. అయితే చిట్టీ మీద రాయమన్నాను నేను. డాక్టర్లు రాయనిది అవ్వ ఇవ్వదు. ఆయన నిజంగానే రాశాడు.

సంత రోజు వచ్చింది. అవ్వ నన్ను తీసుకుని బస్సెక్కింది. ముందు సీటు, అవ్వ భుజం, కిటికీ పక్క చోటు. నాకు లోకం నాదైనట్టుండాలి కదా. అవ్వ బస్సు కదలకముందే వెనక్కి తిరిగి చూసింది. "మీ బాపు మాత్ర ఇచ్చిండో లేదో." మిరపకాయల దగ్గర, "చిన్నమ్మ రుచి సూస్తె అది తింటదో లేదో." గాజుల దుకాణం ముందు నేను నిలబడితే, "అక్కకు ఏ రంగు తీసుకుందాం?" అన్నది. నేను బజారు నడుమ కూలబడి కాళ్లు బారజాపాను. ఎడ్లబండివాడు తిట్టాడు. అవ్వ వచ్చి నా పక్కనే ఆ మట్టిలో కూర్చుంది. తర్వాత ఇద్దరం భజియలు తిన్నాం, అక్క పేరు ఎత్తకుండా. భజియలు అయిపోయేదాకానే.

ఇంటికి వచ్చేసరికి బాపు చేసిన రొట్టెలు మాడి ఉన్నాయి, చిన్నమ్మ నవ్వుతూ ఉంది, అక్క గడపలో కూర్చుని ఉంది. మాత్రల వల్ల ఆమె చేతులు కొంచెం వణికేవి, మాట మెల్లగా వచ్చేది. నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పింది.

"బజార్ల అవ్వ నీ దిక్కు మస్తు సూసిందా?" అని అడిగింది.

"యాడికెల్లి? ఒక్కపారి గూడ సూడలే" అన్నాను, ఫిర్యాదుగా. "నీ గురించే."

దువ్వెన ఆగింది. మళ్లీ వదిలేసి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. పోలేదు.

"ఎంత మంచిగుంటదే నీకు" అన్నది అక్క. "నన్నయితె పొయ్యి మీది పాలను సూసినట్టు సూస్తది. పొద్దంత. కండ్లు మూసుకున్న గూడ ఆ సూపు ఎర్కయితది నాకు. నీ దిక్కు సూడనే సూడది. నువ్వు మంచిగున్నవని ఎర్క. అవ్వ భయపడకుంట నన్ను ఒక్క దినం ఇడిచిపెడితె సాలు. నిన్ను సూస్తె ఎంత కుళ్లుగుంటదో తెల్సా నాకు?"

నాకు అర్థమయిందని చెప్పను. నా మీద ఎవరో కుళ్లుకుంటున్నారు అన్న సంతోషం మాత్రం అర్థమయింది. ఆ రాత్రి చిన్నమ్మ ఇంట్లో ఆ సంతోషంతోనే పడుకున్నాను. ఆ తర్వాత కూడా అవ్వ అక్కను చూసేటప్పుడల్లా నా కడుపు మండుతూనే ఉంది. మాటలతో పోయే మంట కాదది.

అక్క బాగుపడిందంటే బాగుపడింది, పడలేదంటే పడలేదు. మాత్రలున్న రోజుల్లో జొన్నలు విసిరింది, మా పిల్లలకు పాఠాలు చెప్పింది. మధ్యమధ్య గోడ అవతలివాళ్లు మాట్లాడేవాళ్లు. అవ్వ, కిన్వట్ ఆమె నాందేడ్ చాపల మీద ముసలివాళ్లయ్యారు.

నా మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. బిడ్డ పుట్టిన మూడో రోజు జ్వరం కమ్మింది. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. కళ్లు తెరిచేసరికి మంచం పక్కన అవ్వ. నన్నే చూస్తోంది. అట్లా ఆమె నన్ను ఎప్పుడూ చూడలేదు. రెప్ప వేయడం లేదు. నేను ఊపిరి తీస్తే ఆమె ముఖం మారుతోంది, ఆపితే మారుతోంది. నా ఒంట్లో ఏమవుతోందో నాకంటే ముందు ఆమె ముఖంలో కనబడుతోంది. రెండో తరగతి నుంచి నేను కోరుకున్నది అదే. సంకలో ఉల్లిగడ్డలు పెట్టుకుని ఎండలో కూర్చున్నది దానికోసమే. గడియ సేపు కూడా ఓర్చుకోలేకపోయాను. "అవ్వా, గట్ల సూడకే" అన్నాను. ఆమె విననేలేదు. చూస్తూనే ఉంది.

మూలన కూర్చున్న అక్క లేచి వచ్చింది. అవ్వకూ నాకూ నడుమ, మంచం పట్టె మీద, వీపు అవ్వ వైపు పెట్టి కూర్చుంది. నా వైపు కూడా చూడలేదు. వాకిట్లో కోళ్లను చూస్తూ, వణికే వేళ్లతో చీర అంచు మడుస్తూ, పొద్దు గుంకేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఆ వీపు నీడలో నాకు నిద్ర పట్టింది.